మూడు దీపాలు సరేనన్నాక కూడా: కేరవాన్‌కు కరెంటు తగిలించే ముందు వాడే సాకెట్ టెస్టరు

ఈ సమీక్ష అరచేతిలో ఇమిడే ఒక చిన్న పరికరం గురించి. మూడు పిన్నుల ప్లగ్గు ఆకారంలో ఉండి, వీపు వైపు మూడు చిన్న దీపాలు, వాటి కింద నొక్కడానికి ఒక బటను ఉన్న సాకెట్ టెస్టరును ఏడు నెలల కింద బెంగళూరు ఎస్.పి. రోడ్డులో 450 రూపాయలకు కొన్నాను. ఇదే అచ్చులో పోసిన పరికరాన్ని రకరకాల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పెట్టె మీది పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పే మంచీ చెడూ ఈ తరహా పరికరాలన్నిటికీ వర్తిస్తాయి. ఇంటి గోడల్లోని సాకెట్లు చూసుకోవడానికి కాదు, కేరవాన్‌లో ఊళ్లు తిరిగేటప్పుడు రాత్రి మజిలీ చేసే చోట మనకిచ్చే కరెంటు కనెక్షను క్షేమమో కాదో ముందే తేల్చుకోవడానికి దీన్ని కొన్నాను. ఇంతవరకు తొమ్మిది మజిలీలలో వాడాను. వాటిలో నాలుగు చోట్ల ఏదో ఒక లోపం బయటపడింది. ఆ నాలుగింటిలో రెండింటిని ఈ టెస్టరు పట్టుకుంది, రెండింటిని పట్టుకోలేదు. పట్టుకోని ఆ రెండింటి కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

బండి మా తోడల్లుడిది. యలహంకలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. పాత ట్రావెలర్ వ్యానును కొని, లోపల రెండు పడకలు, చిన్న ఫ్రిజ్జు, ఒక టన్ను ఏసీ, బ్యాటరీలు, వాటిని నింపే చార్జరు అమర్పించాడు. బయటి కరెంటు తీసుకోవడానికి బండి పక్కన ఒక ఇన్‌లెట్ ఉంది. అక్కడి నుంచి ఇరవై మీటర్ల కేబుల్ పరిచి, మజిలీలో చూపించిన సాకెట్టులో తగిలిస్తాము. కేరవాన్ల కోసమే కట్టిన స్థలాలు మన వైపు ఇంకా తక్కువ. కేరళ ప్రభుత్వం 2021లో కేరవాన్ పర్యాటకం కోసం ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చింది గాని, మేము తిరిగే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, లేపాక్షి, హార్స్‌లీ కొండల దారుల్లో తోటల్లోని అతిథి గృహాలు, చిన్న రిసార్టులే మాకు మజిలీలు. అక్కడ మనకు దొరికేది గీజరు కోసమో, నీళ్ల మోటారు కోసమో ఎప్పుడో వేసిన 16 యాంపియర్ల సాకెట్టు. దాని వెనక ఏ తీగ ఎక్కడికి పోతుందో తోట యజమానికి కూడా చాలాసార్లు తెలియదు.

టెస్టరు కొనడానికి కారణం కిందటి వానాకాలంలో చిక్కబళ్ళాపురం దాటాక ఒక తోటలో జరిగిన సంఘటన. రాత్రంతా వాన పడి తెల్లవారింది. నా భార్య చెప్పులు లేకుండా తడి గడ్డిలో నిలబడి వ్యాను తలుపు పిడి పట్టుకోబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "తలుపు జివ్వుమంటోంది" అంది. నేను చూద్దామని ముందుకు వెళ్తుంటే, "అన్నయ్యా, ముట్టుకోవద్దు, ఆగు!" అని మా తోడల్లుడు గట్టిగా కేక వేసి, పరుగున పోయి గోడ మీది స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేశాడు. కాపలాదారు వచ్చి చూసి, "ఆ ప్లగ్గుకే రోజూ గీజరు పెడతాము సార్, ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. గీజరు గోడకు బిగించి ఉంటుంది, దాని లోహపు ఒంటిని పట్టుకుని తడి నేల మీద ఎవరూ నిలబడరు. వ్యాను సంగతి వేరు. అది నాలుగు రబ్బరు టైర్ల మీద నేలకు అంటకుండా నిలబడిన పెద్ద ఇనుప పెట్టె. దాని ఒంటికి కరెంటు చేరితే నేలలోకి పోయే దారి ఎర్తు తీగ ఒక్కటే. ఆ తీగ లేకపోతే ఒంటి మీద చేరిన వోల్టేజి అలాగే కాచుకుని ఉండి, నేల మీద నిలబడి పిడి పట్టుకున్న మొదటి మనిషి ద్వారా దారి వెతుక్కుంటుంది.

ఆ రోజు నా భార్యకు తగిలింది చిన్న దెబ్బ. ఆ సాకెట్టులో ఎర్తు రంధ్రం ఉంది గాని, దాని వెనక తీగ లేదు. బ్యాటరీ చార్జరు వంటి పరికరాల లోపల ఫేజు (కరెంటును తెచ్చే తీగ) నుంచి ఒంటికి, న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) నుంచి ఒంటికి, కరెంటులోని అలజడిని వడగట్టే కెపాసిటర్లు అనే చిన్న భాగాలు ఉంటాయి. ఎర్తు లేనప్పుడు అవి బండి ఒంటిని సరఫరా వోల్టేజిలో దాదాపు సగానికి, అంటే 115 వోల్టుల దరిదాపులకు ఎత్తిపెడతాయి. వాటి గుండా పారగల కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమనిపించి వదిలేసింది. అదే ఏసీ కంప్రెసరులోనో చార్జరులోనో ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజు నేరుగా ఒంటికి తగిలి ఉంటే పూర్తి 230 వోల్టులు పిడి మీద ఉండేవి. మనిషి ఒంట్లో ఒక మిల్లీయాంపియరు (యాంపియరులో వెయ్యో వంతు) పారితే తెలుస్తుంది, పది దాటితే కండరాలు బిగుసుకుని పట్టు వదలదు, ముప్పై దాటి కాసేపు నిలిస్తే గుండెకే ప్రమాదం. ఆ పొద్దున సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. తిరిగి వచ్చిన వారంలోనే ఎస్.పి. రోడ్డుకు వెళ్లాను.

పరికరం పనిచేసే తీరు సులువైనది. ఎర్తు రంధ్రం పైకి ఉండేలా సాకెట్టుకు ఎదురుగా నిలబడితే, కుడి చేతి వైపు ఫేజు, ఎడమ చేతి వైపు న్యూట్రల్ ఉండాలి. టెస్టరులోని ఒక ఆకుపచ్చ దీపం ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, రెండో ఆకుపచ్చ దీపం ఫేజుకూ ఎర్తుకూ మధ్య, ఎర్ర దీపం న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కట్టి ఉంటాయి. అన్నీ సవ్యంగా ఉంటే రెండు ఆకుపచ్చ దీపాలు వెలిగి ఎర్రది ఆరి ఉంటుంది. ఎర్తు తెగి ఉంటే మొదటి ఆకుపచ్చది ఒక్కటే వెలుగుతుంది. న్యూట్రల్ తెగితే రెండో ఆకుపచ్చది ఒక్కటే వెలుగుతుంది. ఫేజు, న్యూట్రల్ తారుమారైతే మొదటి ఆకుపచ్చదీ ఎర్రదీ వెలుగుతాయి. ఏదీ వెలగకపోతే ఫేజు రావడం లేదన్నమాట, లేదా ఆ పూట కరెంటే లేదన్నమాట. మా దారుల్లో రెండోదే ఎక్కువ. ఈ సమాచారమంతా పెట్టిన మూడు క్షణాల్లో వస్తుంది, వోల్టులు కొలిచే మీటరు పట్టుకోవడం రాని మనిషి కూడా చూసి చెప్పగలడు. 450 రూపాయలకు ఇది చిన్న ఉపకారం కాదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆన్‌లైన్‌లో దొరికే టెస్టర్లలో చాలా భాగం బ్రిటన్ వారి చదరపు పిన్నులతోనో, అమెరికా వారి బల్లపరుపు పిన్నులతోనో వస్తున్నాయి. అమెరికా రకమైతే అక్కడి 120 వోల్టుల సరఫరాకు చేసింది, మన 230 వోల్టులకు పనికిరాదు. బ్రిటన్ రకం వోల్టేజికి తట్టుకుంటుంది గాని మన సాకెట్టులో పట్టదు, దానికి అడాప్టరు కావాలి. ఫుట్‌పాత్ మీద అమ్మే చవక అడాప్టర్లలో ఎర్తు పిన్ను పేరుకు ప్లాస్టిక్‌తోనే పోసి ఉండడం నేను విప్పి చూశాను. అటువంటి దానిలో పెట్టి చూస్తే బంగారం లాంటి సాకెట్టుకు కూడా ఎర్తు లేదనే జవాబు వస్తుంది. కాబట్టి మన గుండ్రటి మూడు పిన్నులున్నదే అడిగి తీసుకోవాలి. నా దానికి 6 యాంపియర్ల పిన్నులున్నాయి; రెండు రకాల ప్లగ్గులూ పట్టే ఆరు రంధ్రాల సాకెట్టులో నేరుగా కూర్చుంటుంది. అచ్చంగా 16 యాంపియర్లకే ఉన్న సాకెట్టు ఎదురైతే, లావు పిన్నుల ప్లగ్గు నుంచి ఆరు రంధ్రాల సాకెట్టు దాకా మంచి మూడు తీగల కేబుల్‌తో నేనే చేసుకున్న అరడుగు ముక్కను వాడుతున్నాను. ఆ ముక్కలో మూడు తీగలూ తెగకుండా ఉన్నాయో లేవో ఇంట్లో మీటరుతో చూసి పెట్టుకున్నాను.

టెస్టరు పట్టుకున్న రెండు లోపాల సంగతి తొందరగా చెప్పేస్తాను. హార్స్‌లీ కొండల దారిలో ఒక చోట ఎర్తు లేదని చూపింది, యజమాని పక్క గదిలోని మరో సాకెట్టు ఇచ్చాడు, అది బాగుంది. ఇంకోచోట ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉన్నాయి. పరికరాలన్నీ మామూలుగానే పనిచేస్తాయి కాబట్టి ఇది పెద్ద విషయం కాదనుకునేవారు ఉన్నారు. కాని బండి లోపల ఒక్క తీగనే తెంచే ఎమ్‌సీబీ (భారం మించితే తానే ఆగిపోయే స్విచ్చి) ఉంటే, అది ఆపినప్పుడు తెగేది న్యూట్రల్; ఫేజు పరికరం లోపల అలాగే నిలిచి ఉంటుంది. ఆపేశాం కదా అని ధైర్యంగా మూత విప్పిన చెయ్యి ఫేజును తాకుతుంది. ఈ కారణంగానే మా బండిలో రెండు తీగలనూ ఒకేసారి తెంచే ఎమ్‌సీబీనీ, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీనీ (కరెంటు నేలలోకి కారితే వెంటనే సరఫరా తెంచే స్విచ్చి) పెట్టించాము.

ఇప్పుడు బటను గురించి. దాన్ని నొక్కితే ఫేజు నుంచి ఎర్తుకు 30 మిల్లీయాంపియర్లకు కాస్త పైన కరెంటు వదులుతుంది. ఆ లైను మీద ఆర్‌సీసీబీ ఉండి, అది సరిగా ఉంటే వెంటనే పడిపోవాలి, అంటే సరఫరా తెంచాలి. మొదటిసారి నొక్కినప్పుడు తోట మొత్తానికి ఒకే ఆర్‌సీసీబీ ఉందని తెలియక యజమాని ఇంట్లో దీపాలు, వంటగదిలో ఫ్రిజ్జు, గేటు దగ్గర కెమెరా అన్నీ ఒక్కసారిగా ఆపేశాను. అప్పటి నుంచి ముందుగా చెప్పి, అడిగి, నొక్కుతున్నాను. దీన్ని వాడే ప్రతివారూ అలా అడగడం మర్యాద. బటను నొక్కినా ఏమీ జరగకపోతే మాత్రం దానికి చాలా అర్థాలున్నాయి: ఆర్‌సీసీబీ లేకపోవచ్చు, ఉండి చెడిపోయి ఉండవచ్చు, ఎర్తు తెగి ఉండవచ్చు. నాలుగో అర్థం ఇంకొకటుంది, అది బాగేపల్లి దాటాక తెలిసింది.

బాగేపల్లికీ లేపాక్షికీ మధ్య ఒక మామిడి తోటలో, పెంకుటింటి వసారాలో ఉన్న సాకెట్టు అది. సాయంత్రం ఆరున్నర అయింది. టెస్టరు పెట్టాను. రెండు ఆకుపచ్చ దీపాలు నిండుగా వెలిగాయి, ఎర్రది ఆరి ఉంది. మా తోడల్లుడు అప్పటికే కేబుల్ విప్పి ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. బటను నొక్కితే ఏమీ పడలేదు. పాత ఇల్లు కదా, ఆర్‌సీసీబీ ఉండదులే అనుకున్నాము. అయినా నాకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు కొద్దీ, ఫేజు తగిలితే వెలిగే స్క్రూడ్రైవర్ టెస్టరును జేబులోంచి తీసి ఒక్కొక్క రంధ్రంలో పెట్టి చూశాను. కుడి వైపు రంధ్రంలో వెలగలేదు. ఎడమ వైపు వెలిగింది. పైనున్న ఎర్తు రంధ్రంలో పెడితే అక్కడా, ఎడమ వైపు ఎంత కాంతితో వెలిగిందో అంత కాంతితోనే వెలిగింది.

నేను ఆ చిన్న నారింజ రంగు వెలుగును కొంతసేపు చూస్తూ ఉండిపోయాను. తరువాత మీటరు తీశాము. కుడికీ ఎడమకూ మధ్య 229 వోల్టులు. కుడికీ ఎర్తుకూ మధ్య కూడా 229. ఎడమకూ ఎర్తుకూ మధ్య సున్నా. టెస్టరు చెప్పింది అక్షరాలా నిజం. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజి ఉండాలి, ఉంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య ఉండాలి, ఉంది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఉండకూడదు, లేదు. కాని ఆ మూడు రంధ్రాలకూ ఒకదానికొకటి ఉన్న తేడాలే టెస్టరుకు తెలుసు. మన కాళ్ల కింది నేల దాని లెక్కలో లేదు. అందుకని గుడారం మేకు ఒకటి తీసుకుని, వసారా పక్కన నీళ్లు పోసి తడిపిన నేలలో అడుగు లోతున దిగగొట్టి, మేకుకూ సాకెట్టు ఎర్తుకూ మధ్య మీటరు పెట్టాము. 226 వోల్టులు చూపింది. మంచి ఎర్తుకు అది సున్నా కావాలి, మహా అయితే రెండు మూడు వోల్టులు ఉండాలి.

మర్నాడు యజమాని పిలిపించిన ఎలక్ట్రీషియను బోర్డు విప్పితే కారణం కనబడింది. ఆ ఇంటికి మొదట్లో రెండు తీగల వైరింగే ఉండేది. తరువాత ఎవరో మూడు రంధ్రాల సాకెట్టు బిగించి, ఎర్తు తీగ లేదు కాబట్టి, రెండంగుళాల నల్ల తీగ ముక్కతో ఎర్తు టెర్మినల్‌ను న్యూట్రల్ టెర్మినల్‌కు కలిపేశారు. ఆ ముక్క చివరలు రెండూ మెలిపెట్టి స్క్రూల కింద దూర్చి ఉన్నాయి, పైన దుమ్ము పేరుకుని ఉంది. అది ఒక తప్పు. చాలా దూరంలో, మోటారు షెడ్డు దగ్గరి జంక్షను బాక్సులో, తరువాతి కాలంలో ఎవరో మరమ్మతు చేస్తూ ఎర్ర తీగనూ నల్ల తీగనూ తారుమారు చేశారు. అది రెండో తప్పు. రెండూ కలిసినప్పుడు న్యూట్రల్ అనుకున్నది ఫేజు అయింది, దానితో కలిపిన ఎర్తు కూడా ఫేజే అయింది. మేము ప్లగ్గు పెట్టి ఉంటే బండి ఒళ్లంతా, తలుపు పిడి, మెట్టు, వెనక నిచ్చెన, పూర్తి సరఫరా వోల్టేజితో నిలిచేది. బండిలోని ఆర్‌సీసీబీ కాపాడుతుందనుకోవడం పొరపాటు: అది ఫేజును, న్యూట్రల్‌ను తెంచుతుంది గాని ఎర్తు తీగను తెంచదు, వోల్టేజి వచ్చేది ఎర్తు తీగ మీదుగానే. బటను నొక్కినప్పుడు ఆ చోట ఆర్‌సీసీబీ ఉన్నా పడేది కాదు, ఎందుకంటే ఎర్తులోకి వదిలిన కరెంటు రెండంగుళాల తీగ ముక్క మీదుగా తిరిగి పక్క తీగలోకే చేరి, పోయిన కరెంటూ వచ్చిన కరెంటూ సమానమైపోతాయి. నాలుగో అర్థం ఇదే.

ఆ రాత్రి బ్యాటరీ మీదనే గడిపాము, ఏసీ వేయలేదు. యజమాని నొచ్చుకోకుండా మేకు దగ్గరకు వచ్చి మీటరు అంకెను తానే చూసి, ఆ గదిలో ఎవరూ ఏదీ తగిలించవద్దని మెయిను దగ్గర ఫ్యూజు పీకించాడు. ఆయన మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు.

కాబట్టి ఈ టెస్టరు పక్కన కనీసం ఒక స్క్రూడ్రైవర్ టెస్టరో, తాకించకుండానే బీప్‌మని చెప్పే పెన్ను టెస్టరో ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. ఎర్తు రంధ్రం దగ్గర అది వెలిగినా, మోగినా, దీపాలు ఏం చెప్పినా సరే, ప్లగ్గు పెట్టకూడదు. బండికి కరెంటు తగిలించాక కూడా ఎవరూ ముట్టుకోకముందే నేల మీద నిలబడి పెన్ను టెస్టరును తలుపు పిడి దగ్గరకు తీసుకెళ్లి మళ్లీ చూడాలి. కొందరు పాత ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు కట్టి ఎర్తు సత్తువ చూస్తారు. ఆ పద్ధతి తెలిసినవారి చేతుల్లోనే ఉండాలి. ఎర్తు మధ్యలో ఎక్కడో తెగి ఉంటే ఆ బల్బు గుండానే ఆ ఇంట్లోని ఎర్తుకు కలిపిన వస్తువులన్నిటి ఒంటికీ వోల్టేజి ఎక్కుతుంది.

రెండో వైఫల్యం నెమ్మదైనది, అయితే తరచుగా ఎదురయ్యేదీ అదే అనుకుంటాను. లేపాక్షికి దగ్గర్లో ఒక తోటలో దీపాలు సరిగా వెలిగాయి, ఎర్తు కూడా నిజంగా ఎర్తే, మీటరు 231 వోల్టులు చూపింది. అంతా సవ్యమే అనిపించింది. కాని ఏ భారమూ లేనప్పుడు చూసిన వోల్టేజి, నీళ్లు పారనప్పుడు చూసిన కుళాయి లాంటిది. టెస్టరు దీపాలకు కావలసింది ఒకటి రెండు మిల్లీయాంపియర్లే. వెంట్రుక వాసి పట్టు ఉన్న తీగ కూడా ఆ మాత్రం ఇస్తుంది. మేము 1500 వాట్ల నీళ్ల కెటిల్ ఒకటి ఆ బోర్డులోనే ఒక సాకెట్టులో పెట్టి, పక్క సాకెట్టులో మీటరు ఉంచి, స్విచ్చి వేశాము. 231 ఒక్కసారిగా 204కు దిగింది. సుమారు ఆరు యాంపియర్లకు 27 వోల్టులు పోయాయంటే దారిలో నాలుగున్నర ఓములకు పైగా నిరోధం ఉన్నట్టు. ఆ దారిలో ఎక్కడో 150 వాట్లకు మించిన వేడి పుడుతున్నట్టు. ఏసీ, చార్జరు కలిసి పది యాంపియర్లు లాగితే వోల్టేజి 185 దరిదాపులకు పడిపోయి ఏసీ కంప్రెసరు మూలగడం మొదలవుతుంది.

ఈ నష్టం ఎక్కడ జరుగుతోందన్నదే అసలు ప్రశ్న. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓముల నిరోధం ఉంటుంది. ఇంటి కరెంటు మీటరు దగ్గరి నుంచి సాకెట్టు వంద మీటర్ల దూరంలో ఉంటే రానూ పోనూ 2.4 ఓములు. అదంతా తీగ పొడవునా పరుచుకునే వేడి కాబట్టి నిప్పు పుట్టదు. మిగిలిన రెండు ఓములకు పైగా ఒకే వదులు స్క్రూ కింద ఉంటే మాత్రం, డెబ్బై వాట్లకు పైగా వేడి బఠాణీ గింజంత చోట పుడుతుంది. కెటిల్ మరిగాక ప్లగ్గు తీసి చూస్తే ఒక పిన్ను గోరువెచ్చగా, ఇంకొకటి వేలు నిలవనంత వేడిగా ఉంది. సాకెట్టు ఎడమ రంధ్రం అంచు తేనె రంగుకు తిరిగి, కాస్త ఉబ్బి ఉంది. ముక్కు దగ్గర పెడితే కాలిన బేకలైటు వాసన వచ్చింది. ఆ రాత్రి ఏసీ లేకుండా చార్జరును తక్కువ కరెంటులో పెట్టి వాడవచ్చునా అని మా తోడల్లుడు అడిగాడు. వద్దన్నాను. సాకెట్టు మార్పించాక అదే కెటిల్‌కు వోల్టేజి 219 దగ్గర నిలిచింది. కేబుల్‌ను డ్రమ్ము మీద చుట్టి ఉంచి వాడినా ఇటువంటి వేడే పుడుతుంది కాబట్టి, అవసరం అయిదు మీటర్లే అయినా ఇరవై మీటర్లూ విప్పి పరుస్తాము.

అమెరికాలో కేరవాన్లు నిలిపే స్థలాల్లో 30, 50 యాంపియర్ల సాకెట్లున్న స్తంభాలుంటాయి. బండికీ స్తంభానికీ మధ్య తగిలించే రక్షణ పెట్టెలు అక్కడ దొరుకుతాయి. అవి ఎర్తు, తీగల వరుస, వోల్టేజి అన్నీ తామే చూసుకుని, కొంత వ్యవధి ఆగి, బాగుంటేనే లోపలికి కరెంటు వదులుతాయి, తరువాత కూడా కనిపెట్టి ఉంటాయి. అది చూసి తెప్పించుకోవాలని చాలామందికి అనిపిస్తుంది, మా తోడల్లుడికీ అనిపించింది. కాని అవి 120 వోల్టుల పద్ధతికి చేసినవి; 50 యాంపియర్ల రకం కూడా రెండు 120 వోల్టుల తీగలు, మధ్యలో ఒక న్యూట్రల్ ఉండే పద్ధతికి చేసినది. మనకు అవి పనికిరావు. అయితే అవి కాచే ప్రమాదాల్లో ఒకటి మనకూ ఉంది, దాన్ని నా టెస్టరు ముందుగా చెప్పజాలదు: మూడు ఫేజుల కనెక్షను ఉన్న తోటలో రాత్రి మధ్యలో న్యూట్రల్ తెగితే, ఆయా ఫేజుల మీద ఉన్న భారాన్ని బట్టి ఒకరికి వోల్టేజి పడిపోయి ఇంకొకరికి 300 దాటి, 400 వైపు కూడా పోవచ్చు. ప్లగ్గు పెట్టేముందు చూసిన చూపు అప్పుడు అక్కరకు రాదు. అందుకు బండి లోపలే, వోల్టేజి మరీ పెరిగినా మరీ తగ్గినా తెంచేసే రక్షణ రిలేను పెట్టించాము. మన 230 వోల్టులకు చేసినవి ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతున్నాయి.

ఇక పరికరం తయారీ గురించి. ఒంటి ప్లాస్టిక్ గట్టిదే; రెండుసార్లు సిమెంటు నేల మీద పడినా పగలలేదు. పిన్నులు వదులు కాలేదు. దీపాలు మాత్రం ఎండలో కనబడవు; మధ్యాహ్నం ఆరుబయట చూడాలంటే దోసిలి అడ్డం పెట్టుకోవాలి, ఆ నీడలో కూడా ఎర్ర దీపం వెలిగిందో లేదో ఒకసారికి రెండుసార్లు చూసుకోవాలి. వీపు మీద అంటించిన పట్టిక అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, పైగా అంతా ఇంగ్లీషే. నా భార్య ఆ పట్టికను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, "మొదటి ఆకుపచ్చ ఒక్కటే: ఎర్తు లేదు, పెట్టవద్దు" అన్న వరుస కింద గీత గీసి, టెస్టరు పెట్టుకునే డబ్బా మూత లోపల అతికించింది. ఆ కాగితం కింద ఇంకో వరుస లేపాక్షి నుంచి వచ్చాక చేర్చింది: "ఆకుపచ్చ రెండు: ఇప్పుడు పెన్ను, తరువాత కెటిల్."

అంతా కలిపి ఇప్పుడు మాకు పది నిమిషాలు పడుతుంది. అంతవరకు ఎవరూ బండిని నేల మీద నుంచి ముట్టుకోరు, పిల్లలు ఉంటే వసారాలోనే కూర్చుంటారు. కేరవాన్ ఉన్నవారికి ఈ టెస్టరును కొనమనే చెబుతాను, అయిదింటికి మూడున్నర మార్కులు ఇస్తాను. పోయిన అర మార్కు ఎండలో కనబడని దీపాలకు, మిగిలిన ఒక మార్కు, పెట్టె మీద "సాకెట్టు క్షేమమని నిర్ధారిస్తుంది" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో వేసిన వాక్యానికి. ఆ వాక్యం ఉండకూడదు. 16 యాంపియర్ల లావు పిన్నులతో, బటను కూడా ఉన్న రకం దొరుకుతుందేమోనని పోయిన నెల మళ్లీ ఎస్.పి. రోడ్డులో నాలుగు దుకాణాలు అడిగాను. దొరకలేదు. వస్తే ఫోను చేయమని ఒక దుకాణంలో నంబరు ఇచ్చి వచ్చాను.